ముదిమికి దాచిన సొమ్ము

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములలో ఏ పెద్దవారినైనను "ముదిమికై తాము దాచుకొన్నదేమి?" అని యడిగి చూడుడు. వారు మొదట ఒక చేని పేరు చెప్పుదురు. పిదప ఇంటిలోని బంగారమును గూర్చి చూచాయగా చెప్పుదురు. చిట్టచివర, గొంతు కొంచెము తగ్గించి, ఫలానా వారిమీద ఒక నోటు కలదని చెప్పుదురు. చేనును గూర్చియు బంగారమును గూర్చియు అందఱును మాటలాడుదురు. పెట్టె యడుగున మడతపెట్టి యుంచిన ఆ నోటు కాగితమును గూర్చి మాటలాడువారు తక్కువ. కాని మన పడమటి సీమలో ఎందఱో వృద్ధులకు, ముఖ్యముగా వితంతువులకు, ఆ కాగితమే పింఛనుగా నుండెను. ఆర్థిక విపత్తులు వచ్చినపుడు ఆ పింఛను ఏమయ్యెనో, ఆ పిదప మనవారు తమ సొమ్మును ఎక్కడ పెట్టిరో, ఈ పావుగంటలో నాకు చేతనైనంత మేరకు విన్నవించెదను.

మన తాలూకాలు 1858 వఱకు కడప జిల్లాలోను, ఆ పిమ్మట కర్నూలు జిల్లాలోను ఉండెను. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు అందులో చేరెను; ఆ జిల్లాకే తరువాత ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. జిల్లా ఏదైనను నేల మాఱలేదు. కంభము చెఱువు క్రింది మాగాణి తప్ప, తక్కినదంతయు వాన కెదురుచూచు మెట్టయే. ఇట్టి సీమలో తొలినాళ్ల దాపు రూపాయి కాదు, గింజ. జొన్నలను పాతరలో పోసి మన్ను కప్పి యుంచిన ఇంటికి రెండు కఱవులు దాటు ధైర్యముండెను. మిగులు గింజలను నాగులకిచ్చి, పంటనాడు పెరిగిన కొలతతో తిరిగి కొలిపించుకొనెడివారు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమునకు మిక్కిలి బలియైన జిల్లాలలో కర్నూలు ఒకటి. పాతరలు అప్పుడు అడుగంటెను. ఆ క్షామమునకు విరుగుడుగానే, ఆ శతాబ్దము ముగియులోపల, గుంతకల్లు నుండి బెజవాడకు పోవు రైలుదారి నంద్యాల, గిద్దలూరు, కంభము, మార్కాపురము రోడ్డు, దొనకొండల మీదుగా పడెను.

రైలు వచ్చిన పిదప గింజకు ధర ఊరిలో నిర్ణయమగుట మానెను. ఎక్కడ గిరాకి యున్న నక్కడికి సరకు పోయెను, చేతికి రూపాయలు వచ్చెను. పాతరలో దాచిన జొన్న పుచ్చిపోవును, రూపాయి పుచ్చదు. కాని ఊరకయున్న రూపాయి పెరుగదు గదా! అందుచేత పాతరనుండి రూపాయికి, రూపాయినుండి నోటునకు మనవారు వచ్చిరి. ఇది ఒక తరములో జరిగిన మార్పు.

నోటు పద్ధతి మీ రెఱిగినదే. అయినను రాబోవు విషయమునకు కావలసినంత మట్టుకు చెప్పెదను. నూటికి నెలకు రూపాయి వడ్డీ యనునది సామాన్యపు మాట. మంచివాడనిపించుకొనదలచినవాడు ముప్పాతిక చాలుననును. అవసరము గ్రహించినవాడు రెండు రూపాయలనును. బాకీదారు అప్పుడప్పుడు కొంత చెల్లించినచో కాగితము వెనుక చెల్లు వ్రాయుదురు. మూడేండ్లలోపల చెల్లుగాని, క్రొత్త నోటుగాని లేకున్న కాలదోషము పట్టును. కావున మూడేండ్లు నిండవచ్చుచుండగా వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొనుట ఆచారము.

ఇది షావుకారు వ్యాపారమని కొందఱు తలంచెదరు. షావుకారులు చేయుట నిజమే. అయితే వారి ప్రక్కనే చిన్న ఋణదాతలు వేఱొక గుంపుగా నుండిరి. పని విరమించిన బడిపంతులు, సంతానము లేని దంపతులు, అన్నిటికంటె ముఖ్యముగా భర్త పోయిన యాడువారు. 1937లో హిందూస్త్రీల ఆస్తిహక్కు చట్టము వచ్చువఱకు, ఉమ్మడి కుటుంబములో వితంతువునకు భర్త వాటాపై హక్కు లేదు, మనోవర్తి మాత్రమే. ఆ మనోవర్తికై మఱదుల వాకిట నిలువలేని యామె, పుట్టింటివారిచ్చిన పసుపు కుంకుమల సొమ్మును ఊరిలో నమ్మకమున్న రైతునకిచ్చి నోటు వ్రాయించుకొనెడిది. 300 రూపాయల నోటునకు నెలకు మూడు రూపాయల వడ్డీ. అది జొన్నకూటికి, ఉప్పు పప్పులకు సరిపెట్టుకొనదగిన మొత్తము. ఎవరిని చేయి చాపి యడుగనక్కఱలేని మొత్తము కూడను.

ఈ ఏర్పాటునకు ఒక బలము కలదు. బాకీదారు కంటియెదుట నుండును. అతని చేను పండినదో లేదో, అతని యెద్దులు బ్రతికియున్నవో లేదో ఋణమిచ్చినవారికి తెలియును. పట్టణపు బ్యాంకిలో సొమ్ము వేసినవారికి ఈ సౌకర్యము లేదు. 1906 అక్టోబరు 22వ తేదీన చెన్నపట్టణమున ఆర్బత్‌నాటు కంపెనీ తలుపులు మూసినపుడు ఇది రాజధాని కంతకును తెలిసెను. దొరల కంపెనీ గదా, దానికేమి లోటని నమ్మి, పింఛనుదారులును, ఉద్యోగులును, వితంతువులును తమ సర్వస్వమును అందు వేసియుండిరి. దాని లండను భాగస్థుడు చేసిన జూదపు వ్యాపారముల సంగతి ఇచ్చటి ఖాతాదారుల కేమి తెలియును? సర్ జార్జి ఆర్బత్‌నాటునకు మఱుసటి యేడు కఠిన కారాగార శిక్ష పడెను. ఆ దెబ్బనుండియే, వి. కృష్ణస్వామి అయ్యరుగారు మొదలగు వారి పూనికతో, 1907లో ఇండియన్ బ్యాంకి పుట్టెను. అయినను మనవంటి మాఱుమూల తాలూకాలలో ఈ కథకు జనులు తీసిన యర్థము ఒక్కటే: ఊరి నోటే మేలు. ఆ యర్థము తప్పని 1906లో ఎవరనగలరు? అది తప్పగుటకు ఇరువదియైదేండ్లు పట్టెను.

1929లో అమెరికాలో షేర్ల బజారు కూలినదని పత్రికలలో వచ్చినపుడు మార్కాపురపు సంతలో బేరము నిలిచిపోలేదు. ఒకటి రెండేండ్లలో మాత్రము వేరుసెనగ ధర పడెను, ఆముదాల ధర పడెను, వరి ధర పడెను. 1933 నాటికి రాజధానిలో వ్యవసాయపు సరకుల ధరలు ఇంచుమించు సగమునకు దిగెను. శిస్తు మాత్రము దిగలేదు. అది రూపాయలలోనే నిర్ణయింపబడినది. అప్పును అంతియే. నూఱు రూపాయలు తీర్చుటకు మునుపు పది బస్తాలు చాలినచో, ఇప్పుడు ఇరువది కావలెను. రైతు ఒక్క రూపాయి క్రొత్తగా అప్పు చేయకయే అతని అప్పు రెట్టింపయ్యెను. 1930లో బ్యాంకింగు విచారణ సంఘమువారు చెన్నరాజధాని రైతుల ఋణము 150 కోట్ల రూపాయలని అంచనా వేసిరి. 1935లో సత్యనాథన్‌గారు తమ నివేదికలో దానిని 200 కోట్లని వ్రాసిరి.

ఇచ్చట బంగారము మాట వచ్చును. 1931 సెప్టెంబరులో ఇంగ్లాండు బంగారపు ప్రమాణమును వదలుకొనెను. మన రూపాయి పౌనుతో కట్టబడియుండుటచే రూపాయలలో బంగారపు ధర పైకెగసెను. తులము 21, 22 రూపాయలున్నది కొలది యేండ్లలో 35 రూపాయల చేరువకు వచ్చెను. సర్వమును పడిపోవుచుండగా పెరిగిన వస్తువు ఇదొక్కటే. శిస్తునకు, వడ్డీకి, తిండికి ఇంటింట బంగారము బయటికి వచ్చెను. ఆ దశాబ్దములో మన దేశమునుండి 300 కోట్ల రూపాయలకు పైబడిన బంగారము ఓడలెక్కి పోయెనని లెక్కలు చెప్పుచున్నవి. దానిని లాభమని మెచ్చుకొన్న ఆర్థికవేత్తలుండిరి. తులమునకు పదమూడు రూపాయలు అధికముగా వచ్చినమాట నిజమే. అమ్మినవారు మంచి ధర వచ్చెనని యమ్మలేదు, గతిలేక యమ్మిరి. ధర మంచిదగుట యాదృచ్ఛికము. ఒక విషయము మాత్రము గమనింపదగినది. ముదిమికై దాచిన మూడు విధముల సొమ్ములో ఆ విపత్తున నిజముగా అక్కఱకు వచ్చినది మెడలోని సొమ్మే. చేను కొనువాడు లేడు. నోటునకు వడ్డీ తెచ్చువాడు లేడు.

వడ్డీ రాని నోటును ఆమె ఏమి చేసెను? మూడేండ్లు నిండగానే తిరుగ వ్రాయించుకొనెను. అంతకంటె గత్యంతరము లేదు. ఒక లెక్క వేసి చూతము. 1926లో ఇచ్చిన 300 రూపాయలు, నూటికి నెలకు రూపాయి చొప్పున, ఒక్క దమ్మిడీ చెల్లింపక తిరుగ వ్రాసికొన్నచో 1929లో 408 అగును; 1932లో 554 రూపాయల చిల్లర; 1935లో 754 రూపాయల చిల్లర. కాగితముపై ఆమె భాగ్యవంతురాలు! చేతిలో మాత్రము నెలకు మూడు రూపాయలు కూడ లేవు. బాకీదారు దృష్టిలో ఆమె రక్కసి, ఏమియు చేయకయే మూడువందలను ఏడువందలుగా చేసినది. వారిరువురును ఒకే వీథిలో నుండువారు, బహుశః బంధువులు కూడను.

1937లో రాజగోపాలాచారిగారు చెన్నరాజధానికి ప్రధానమంత్రియైరి. 1938లో వారి ప్రభుత్వము చేసిన నాలుగవ చట్టమే వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము. దాని సారమిది. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పులకు, 1937 అక్టోబరు 1వ తేదీ వఱకు నిలిచిన వడ్డీ యంతయు రద్దు. అసలు మాత్రమే చెల్లింపవలెను. అసలునకు రెట్టింపు మొత్తము ఇదివఱకే చెల్లించిన యెడల అప్పు పూర్తిగా తీరినట్లే. నోటు ఎన్నిసారులు తిరుగ వ్రాసికొన్నను, అదే ఋణదాత పేర నున్నచో, మొట్టమొదట ఇచ్చినదే అసలు. తరువాతి యప్పులకు వడ్డీ తగ్గింపబడెను. ఇక మీద వ్రాయు నోట్లకు సాలునకు నూటికి ఆరుంబావు రూపాయలకు మించి సరళవడ్డీ కూడదు.

మన లెక్కలోని 754 రూపాయలు ఒక్క దినమున తిరిగి 300 అయ్యెను.

ఈ చట్టమును నేను తప్పుపట్టుట లేదు. సగము ధరకు పంట నమ్ముకొని పూర్తి అప్పు తీర్చుమనుట న్యాయము కాదు. అది లేకున్న మన మెట్టసీమలో ఎన్ని చేలు చేతులు మాఱియుండెడివో! అయితే చట్టము ఋణదాత యన్నపుడు షావుకారునే తలంచెను. షావుకారునకు ఇరువది నోట్లుండును, దుకాణముండును. పది నోట్లపై వడ్డీ పోయినను అతని పొయ్యి ఆఱదు. ఒక్క నోటు గల ముసలమ్మకు ఆ వడ్డీయే బియ్యము. శాసనకర్తలు ఈ సంగతిని బొత్తిగా మఱువలేదనుటకు ఆ చట్టములోనే ఒక సాక్ష్యము కలదు. నాలుగవ సెక్షనులో మినహాయింపుల పట్టికలో ఒక చిన్న వాక్యము చేర్చిరి. 1937 అక్టోబరు 1వ తేదీన మఱి యే ఆస్తియు లేని స్త్రీకి రావలసిన అప్పు, అసలు 3,000 రూపాయలకు మించనిచో, ఈ చట్టమునకు లోబడదని. ఊరి నోటు ఒక పింఛనని చట్టము ఒప్పుకొన్న చోటు అదియే. దానిని చదివినపుడెల్ల నాకు ఆ వాక్యము చేర్చవలెనని పట్టుపట్టినవారెవరో గాని వారికి నమస్కరింపవలెననిపించును.

అయితే "మఱి యే ఆస్తియు లేని" అను మాట యున్నది చూచితిరా? అరయెకరము చేను పేరనున్న యామెకు, ఆ మాటను ఉన్నదున్నట్లు చదివినచో, రక్షణ లేదు. పని విరమించిన పంతులునకు, పురుషుడగుటచే, అసలే లేదు.

తరువాత రైతులు క్రొత్త అప్పునకై పోయిన, షావుకారులు తలుపు మూసిరి. చిన్న ఋణదాతలును జంకిరి. అదే 1938 జూనులో, చెన్నపట్టణమునుండి నడుచుచుండిన తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకి చెల్లింపులు నిలిపెను. రిజర్వు బ్యాంకి ఏర్పడి అప్పటికి మూడేండ్లే. ఊరి నోటును విడిచి పట్టణపు బ్యాంకికి పోదమనుకొన్నవారికి ఆ దారియు ఇట్లు కనబడెను.

మిగిలిన దారి తపాలా కచేరి. అక్కడి సేవింగ్సు బ్యాంకి 1882 నుండి యున్నది. వడ్డీ స్వల్పము, మన యూరి లెక్కలో అది వడ్డీయే కాదు. కాని సర్కారు దివాలా తీయదు. 1917లో యుద్ధకాలపు క్యాష్ సర్టిఫికెట్లు, 1943లో పండ్రెండేండ్ల నేషనల్ సేవింగ్సు సర్టిఫికెట్లు వచ్చెను. ఈ కడపటివాటిలో పది రూపాయలు వేసిన గడువునాటికి పదునైదు. చెప్పినట్లే సర్కారు పదునైదును ఇచ్చెను. కాని 1939 నుండి 1945 లోపల ధరలు రెండింతలు మించి పెరిగెను. ధరలు పడిపోయినపుడు నోటు చెడినది. ధరలు పెరిగినపుడు తపాలా పుస్తకము చిక్కిపోయినది. ఏది భద్రమని యడుగువారికి, దేనినుండి భద్రమని నేను తిరిగి యడుగుదును. దొంగనుండియా, బాకీదారునుండియా, ధరలనుండియా? ఈ మూటినుండియు కాపాడు పెట్టెను ఇంతవఱకు ఏ వడ్రంగియు చేయలేదు.

ఆ దినములలో మన ప్రాంతమున ఈ బాధ లేనివారు రైల్వేవారు. దొనకొండ రైల్వే కాలనీలో ప్రావిడెంటు ఫండు గలవారిని చూచి, పలకల గనులలో పనిచేయువారు అసూయపడిన నేమి యాశ్చర్యము? పలకలు కోయువానికి చేతులలో బలమున్నంతవఱకే కూలి. కనిగిరి, పొదిలి వైపు గ్రామములలో ఫ్లోరైడు నీరు త్రాగి నడుము వంగినవారికి ముదిమి ఏబదియేండ్లకు ముందే వచ్చును. వారికి దాచుకొను కాలమే చిన్నది.

స్వాతంత్ర్యమునకు పిమ్మటి సంగతులు త్వరగా చెప్పెదను. 1960లో కేరళమున పాలై సెంట్రలు బ్యాంకి పడిపోయిన పిదప, 1962 జనవరి 1వ తేదీన డిపాజిట్లకు బీమా ఏర్పడెను. బ్యాంకి పడినను ఒక్కొక్కరికి 1,500 రూపాయల వఱకు పూచీ. ఆ మొత్తము 1993లో లక్ష, 2020 ఫిబ్రవరిలో ఐదు లక్షలయ్యెను. 1969లో పదునాలుగు బ్యాంకులు జాతీయములయ్యెను. అటుపిమ్మట పెద్ద గ్రామములకు బ్యాంకి శాఖలు వచ్చెను. 1906లో ఆర్బత్‌నాటు ఖాతాదారులు కోరుకొనదగినదంతయు నూఱేండ్లలోపల మనకు లభించెను.

అయినను 2014లో ఏమి జరిగెను? విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ చెల్లింపులు నిలిపెను. ఎనిమిది రాష్ట్రములలో సుమారు 32 లక్షలమంది, సుమారు 6,380 కోట్ల రూపాయలు అందు వేసియుండిరని ప్రభుత్వపు లెక్క. వారిలో అధికసంఖ్యాకులు కూలీలు, చిన్నరైతులు, చిరువ్యాపారులు. అది బ్యాంకి కాదు. డిపాజిట్ల బీమా దానికి వర్తింపదు. వీథి చివర బ్యాంకి యుండగా వారేల అందు వేసిరి? అత్యాశ యని పట్టణపు పెద్దమనుష్యులు వెంటనే తీర్పు చెప్పిరి. నేనట్లు చెప్పజాలను. ఆ సంస్థ గడువునకు స్థలమైనను ఇత్తుము, పెరిగిన సొమ్మైనను ఇత్తుమని చెప్పెను. భూమి యను మాట వినగానే మనవారి మనస్సు కుదుటపడును. మఱియు బ్యాంకికి మనము పోవలెను; ఏజెంటు మన వాకిటికి వచ్చును. అతడు మన యూరివాడు, మన బంధువు, అతని యిల్లు మనకు తెలియును.

పాత నోటు పద్ధతితో పోల్చి చూచిన, ఇచ్చట ఒక మెలిక కనబడును. నోటులో మనకు తెలిసినవాడే బాకీదారు. అతని చేను చూచి మనము సొమ్మిచ్చితిమి. ఇచ్చట మనకు తెలిసినవాడు సొమ్ము చేతికి తీసికొనువాడు మాత్రమే. బాకీదారు ఎక్కడనో యున్నాడు, అతని చేను మనము చూడలేదు. ముఖపరిచయము మన దగ్గఱను, అప్పు ఆర్బత్‌నాటు వలె దూరమునను ఉండెను. నమ్మకమంతయు ఊరి నోటుది, అపాయమంతయు పట్టణపు బ్యాంకిది. పాపమా యేజెంట్లలో ననేకులు తమ సొమ్మును, తమ యత్తమామల సొమ్మును కూడ అందే వేసిరి. సంస్థ మూతపడిన పిదప ఊరిలో తల యెత్తుకొని తిరుగజాలని దశకు వచ్చినవారును వారే.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పదివేల రూపాయల లోపు వేసినవారికి సొమ్ము చెల్లించుట ప్రారంభించెను. 2021 ఆగస్టులో ఇరువదివేల లోపువారికి చెల్లించెను. 1938లో 3,000 రూపాయలవద్ద గీసిన గీతవంటిదే ఇదియును. ఖజానా చిన్నది, బాధితులు పెక్కుమంది. ఎక్కడనో ఒకచోట గీత గీయక తప్పదు. ఇరువదివేల లోపు వేసినవారిలో పెక్కురు నెలనెలకు నూఱో రెండునూర్లో కట్టిన కూలీలు. గీతకు ఆవల నున్నవారిలో, ఎద్దుల నమ్మియో, పదవీవిరమణనాడు వచ్చిన మొత్తమును తెచ్చియో, ఒక్కసారిగా లక్షయు రెండు లక్షలును వేసిన వృద్ధులుండిరి. ముదిమికి దాచిన సొమ్మునకు గల లక్షణమే అది. అది బొట్టు బొట్టుగా కూడి, విపత్తు వచ్చునాటికి కుప్పగా నొకేచోట నుండును. అందుచేత ఏ ప్రభుత్వము చిన్నవారిని కాపాడుటకు గీత గీసినను, వయసు చెల్లినవారు తఱచుగా గీతకు ఆవలనే చిక్కుకొందురు.